జెట్టీ కింద నాలుగు మీటర్ల లోతులో: మీ ప్రశ్నలు, మా జవాబులు

మెల్‌బోర్న్ నుంచి దక్షిణంగా గంటన్నర కారు ప్రయాణంలో, పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున రై, బ్లేర్‌గౌరీ, పోర్ట్‌సీ జెట్టీలు ఉన్నాయి. అదే మార్నింగ్టన్ ద్వీపకల్పానికి అవతలి పక్క, వెస్ట్రన్ పోర్ట్ వైపు ఫ్లిండర్స్ జెట్టీ ఉంది. స్నార్కెలింగ్‌కైనా స్కూబా డైవింగ్‌కైనా బోటు ఖర్చు లేకుండా కారు దిగి నడిచి నీళ్లలోకి దిగిపోవచ్చు గనక అక్కడి తెలుగువాళ్ల నుంచి వీటి మీద ప్రశ్నలు బాగా వస్తున్నాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఈత బాగా వచ్చు, స్నార్కెలింగ్ కొత్త. రై జెట్టీకి వెళ్తే చాచిన చెయ్యి కనబడనంత మురికిగా ఉంది నీరు. ఫొటోల్లో కనిపించే నీళ్లు ఎక్కడ? ఏ జెట్టీకి, ఏ వేళకు వెళ్లాలి?
– ఒక పాఠకుడు, టార్నీట్

జవాబు: మీరు వెళ్లిన చోటు మంచిదే, వేళే కుదరలేదు. ఈ అఖాతం దాదాపు 1,930 చదరపు కిలోమీటర్లు. అంత నీరూ సముద్రంలోకి వచ్చిపోయే దారి మాత్రం హెడ్స్ దగ్గర సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పున్న ఒక్క ముఖద్వారం. పోటు వచ్చేటప్పుడు బాస్ జలసంధిలోని తేట నీరు ఆ ద్వారం గుండా లోపలికి వస్తుంది. పాటు తీసేటప్పుడు అఖాతంలోని బురద నీరు బయటికి పోతుంది. కాబట్టి దక్షిణపు జెట్టీల దగ్గర నీరు తేటగా ఉండేది పోటు ముగింపులో, ప్రవాహం కాసేపు నిలిచిపోయే వేళ.

ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. పట్టికలో 'హై టైడ్ ఉదయం 8' అని ఉంటే ఎనిమిదింటికే ప్రవాహం ఆగిపోతుందనుకుంటారు. హెడ్స్ దగ్గర అలా జరగదు. బయట సముద్ర మట్టం తగ్గడం మొదలైనా లోపలి అఖాతం ఇంకా నిండుతూనే ఉంటుంది, ఎందుకంటే ద్వారం ఇరుకు. ఆ ద్వారపు పడమటి కొసనున్న పాయింట్ లాన్స్‌డేల్ దగ్గర పోటు గరిష్ఠానికి చేరిన దాదాపు 3 గంటల తర్వాత అక్కడ ప్రవాహం నిలుస్తుంది. అంటే ఎనిమిదింటి పోటుకు పదకొండు ప్రాంతం. దానికి గంట ముందు నీళ్లలో ఉండేలా చూసుకోండి. ముద్రించిన పట్టిక అయితే అందులో డేలైట్ సేవింగ్ గంట కలిపారో లేదో కూడా చూడండి. వేసవిలో గంట తేడాతో డైవ్ చెడగొట్టుకునేవాళ్లు ఎక్కువే.

రెండోది గాలి. రై, బ్లేర్‌గౌరీ తీరాలు ఉత్తరానికి ముఖం పెట్టి ఉంటాయి. దక్షిణం నుంచో నైరుతి నుంచో వీచే గాలి నేల మీదుగా వస్తుంది కాబట్టి నీరు నిలకడగా ఉంటుంది. ఉత్తరపు గాలి 15 నాట్లు (గంటకు సుమారు 28 కిలోమీటర్లు) దాటిందంటే అలలు నేరుగా తీరాన్ని కొట్టి ఇసుక లేపుతాయి. గాలి తగ్గిన తర్వాత కూడా ఆ ఇసుక అడుక్కి దిగడానికి ఒక రోజు పడుతుంది. ఫ్లిండర్స్‌కు ఇది వేరు. పడమటి గాలి నుంచి దానికి నేల అడ్డు ఉంది, తూర్పు గాలి వీస్తే మాత్రం అటు వెళ్లకండి. ఒక్కమాటలో, ఉత్తరపు గాలి ఉంటే రై, బ్లేర్‌గౌరీ వద్దు. తూర్పు గాలి ఉంటే ఫ్లిండర్స్ వద్దు. వాతావరణ శాఖ సూచనలో గాలి దిశ అంటే అది ఎటునుంచి వస్తుందో ఆ దిశ అని గుర్తుంచుకోండి.

మొదటిసారికి మా సలహా రై. లోతు తక్కువ, ఇసుక ఒడ్డు నుంచి నడుస్తూ దిగవచ్చు, అలసిపోతే వెనక్కి వచ్చి నిలబడవచ్చు. పోర్ట్‌సీ హెడ్స్‌కు దగ్గర. అక్కడ ప్రవాహమూ సముద్రపు ఊపూ ఎక్కువ కాబట్టి అనుభవం వచ్చాకే వెళ్లండి.

ప్రశ్న: జెట్టీ గుంజల మీద అన్ని రంగులు, జీవులు ఉంటాయి. ఇరవై అడుగులు పక్కకు వెళ్తే ఉత్త ఇసుక. ఎందుకిలా? ఎక్కడ చూడాలి?
– ఒక పాఠకురాలు, జీలాంగ్

జవాబు: స్పాంజీలు, అసీడియన్లు, మెత్తటి పగడాల వంటివి ఒకచోట అంటుకుని, పారే నీళ్లలోంచి తిండి వడకట్టుకుని బతుకుతాయి. కదిలే ఇసుక మీద వాటికి పట్టు దొరకదు. గుంజ గట్టిగా నిలబడి ఉంటుంది, చుట్టూ ప్రవాహం తిండి తెస్తూనే ఉంటుంది. పైన చెక్కలు నీడనిస్తాయి. నీడలో నాచు పెరగదు గనక చోటు కోసం పోటీ తగ్గుతుంది. ఎండ తగిలే బయటి వరుస గుంజలను, లోపలి వరుస గుంజలను పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది: బయట కెల్ప్ (పెద్ద ఆకుల సముద్రపు నాచు), మామూలు నాచు, లోపల నారింజ, పసుపు, ఊదా స్పాంజీలు. నిలువునా కూడా అంతే. పై మీటరులో గట్టి పెంకున్న ముస్సెల్స్, బార్నకిల్స్; కిందికి పోయేకొద్దీ మెత్తటి జీవులు.

చూడటంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే. జెట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఈదేసి 'ఏమీ లేదు' అంటారు. ఒక గుంజ దగ్గర ఆగి, చేతికి అందేంత దూరంలో, పై నుంచి కిందికి ఐదు నిమిషాలు చూడండి. ఒంటికి స్పాంజీ ముక్కలు అతికించుకున్న డెకరేటర్ పీత, గోరంత న్యూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త), తోక చుట్టుకుని ఊగే పెద్ద పొట్ట సముద్రగుర్రం, ఇవన్నీ ఆగి చూసినవాళ్లకే దొరుకుతాయి. బ్లేర్‌గౌరీలో అలలను ఆపడానికి కట్టిన పలకల గోడ ఉంది. దాని వెంట నెమ్మదిగా పోవడమే ఒక పూర్తి డైవ్. అక్కడ పడవలు ఆగే లోపలి భాగంలోకి మాత్రం పోకండి.

ప్రశ్న: మీసం ఉంది, కళ్లజోడూ ఉంది. మాస్కులోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి. మొత్తం ముఖం కప్పే మాస్క్ కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పాయింట్ కుక్

జవాబు: ముఖమంతా కప్పే మాస్క్ కొనకండి. లోపలి ఖాళీ జాగా ఎక్కువ కాబట్టి, కవాటాలు సరిగా పనిచేయకపోతే మీరు వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటారు. నీళ్లు చేరితే ఒక్క ఊపున తీసేయడమూ కష్టం. ముక్కు పట్టుకుని చెవులు సర్దుకునే వీలు చాలావాటిలో లేదు కాబట్టి కిందికి మునగడానికీ పనికిరావు.

మామూలు మాస్కే తీసుకుని పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో చిన్నగా పీల్చండి. చేతులు వదిలినా నిలిచిందంటే అది మీ ముఖానికి సరిపోయినట్లే. మీసం విషయంలో నీరు చొరబడేది సిలికోన్ అంచు కిందున్న వెంట్రుకల సందుల్లోంచి. ముక్కు కింద సన్నటి గీతలా గీసుకుంటే చాలు, మీసమంతా తీసేయక్కర్లేదు. అదీ ఇష్టం లేకపోతే డైవింగ్ దుకాణాల్లో దొరికే సిలికోన్ గ్రీజు మీసం పై అంచుకు రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, అది రబ్బరు భాగాలను పాడుచేస్తుంది.

కళ్లజోడు కాళ్లు అంచు కింద ఉంటే ఏ మాస్కూ అతకదు. కొన్ని మోడళ్లకు పవర్ అద్దాలు విడిగా దొరుకుతాయి. అవి సాధారణంగా అరపాయింటు మెట్లలో ఉంటాయి కాబట్టి మీ పవర్‌కు దగ్గరది తీసుకోవాలి. కొత్త మాస్క్ పదేపదే మసకబారుతుంటే దానికి కారణం తయారీలో అద్దం మీద మిగిలిపోయిన సిలికోన్ పొర. జెల్ కాని తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడు సార్లు లోపలి వైపు రుద్ది కడగండి.

ప్రశ్న: అండమాన్‌లో, హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ మొదటి మెట్టు, ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. అక్కడ 4 కిలోల బరువుతో హాయిగా మునిగేదాన్ని. ఇక్కడ బ్లేర్‌గౌరీలో 7 కిలోలు కట్టుకున్నా, డైవ్ సగం అయ్యాక బెలూన్‌లా పైకి తేలిపోయాను. 18 మీటర్లు దిగినదాన్ని 4 మీటర్లలో నిలవలేకపోవడమేమిటి?
– ఒక పాఠకురాలు, వెరిబీ

జవాబు: ఈ ఉత్తరం చాలామంది తరఫున రాసినట్టే ఉంది. 4 మీటర్లే కష్టం, 18 మీటర్లు తేలిక. లెక్క చూడండి. నీటి పైన ఒత్తిడి 1 బార్, ప్రతి 10 మీటర్లకు మరో బార్. 18 నుంచి 15 మీటర్లకు వస్తే ఒత్తిడి 2.8 నుంచి 2.5 అవుతుంది. బీసీడీలో (గాలి నింపి, వదిలి తేలడాన్ని సర్దుకునే జాకెట్), సూట్‌లో ఉన్న గాలి 12 శాతం ఉబ్బుతుంది. అదే 3 మీటర్లు, 5 నుంచి 2కు వస్తే 1.5 నుంచి 1.2 అవుతుంది, గాలి 25 శాతం ఉబ్బుతుంది. ఒక్క పెద్ద శ్వాస తీసుకున్నా లేస్తారు, లేచినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది.

రెండో కారణం సూట్. అండమాన్ నీరు 27 నుంచి 30 డిగ్రీలు, 3 మిల్లీమీటర్ల సూట్ సరిపోతుంది. ఇక్కడ ఆగస్టులో 10-12 డిగ్రీలు, ఫిబ్రవరిలోనే 20 దగ్గరికి వస్తుంది. 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్, చేతులకు గ్లవ్స్ అన్నీ గాలి బుడగలున్న నియోప్రీన్ రబ్బరే. లోతులో అది నలిగి పలచబడుతుంది కాబట్టి తేలే బలం తగ్గుతుంది. నాలుగు మీటర్లలో పెద్దగా నలగదు.

మూడోది మీరు వాడేసిన గాలి. 12 లీటర్ల సిలిండర్ 200 బార్ దగ్గర 2,400 లీటర్ల గాలి. 50 బార్ మిగిలేసరికి 1,800 లీటర్లు పీల్చేసి ఉంటారు. లీటరు గాలి 1.2 గ్రాములు, అంటే 2 కిలోలకు పైనే బరువు మీ వీపు మీద నుంచి పోయింది. మొదట్లో సరిగ్గా ఉన్న బరువు చివర్లో చాలకపోవడం అందుకే. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయితే తనే తేలుతుంది కాబట్టి, స్టీలు బదులు అదిస్తే ఇంకో రెండు కిలోలు పెంచాలి.

కాబట్టి బరువు సరిచూసుకోవాల్సింది డైవ్ మొదట్లో కాదు, చివర్లో. 50 బార్ మిగిలి ఉండగా జెట్టీ మెట్ల దగ్గర, బీసీడీలో గాలంతా వదిలేసి, కాళ్లు ఆడించకుండా మామూలు శ్వాసతో నిలువుగా ఆగండి. నీటి అంచు కళ్ల మట్టానికి రావాలి, గాలి వదిలితే మెల్లగా మునగాలి. మునగకపోతే కిలో పెంచండి, రాయిలా దిగిపోతే కిలో తగ్గించండి. నిండు సిలిండర్‌తోనే చూడాల్సి వస్తే, వచ్చిన లెక్కకు 2 కిలోలు కలపండి. 70 కిలోల మనిషి 7 మిల్లీమీటర్ల సూట్, స్టీలు సిలిండర్‌తో 7-9 కిలోల దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇది మొదలుకే, చివరి మాట పరీక్షదే. సూట్, సిలిండర్, బరువు మూడూ పుస్తకంలో రాసి పెట్టుకోండి. సూట్ మారిన ప్రతిసారీ మళ్లీ చూడాలి.

భయం కొద్దీ అవసరానికి మించి కట్టుకోవడమూ మంచిది కాదు. కాళ్లు కిందికి వేలాడి, పాదాలకు తొడుక్కున్న ఫిన్లు ఇసుకను కొడతాయి, మీ వెనక వచ్చేవాళ్లకు డైవ్ ముగిసినట్టే. జెట్టీ కింద కప్పలా కాళ్లు పక్కలకు తన్నే ఈతే నయం, పైకీ కిందికీ కొట్టేది కాదు.

మీ గాలి ఎంతసేపు వస్తుందని కూడా అడిగారు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 5 మీటర్లలో 30 లీటర్లు వాడతాడు. పై లెక్క ప్రకారం 50 బార్ నిల్వ ఉంచి గంట. చలికి అంతకు ముందే బయటికి వస్తారు లెండి.

ప్రశ్న: జెట్టీ మీద గాలాలు వేసేవాళ్లు తిడుతున్నారు. కింద మాకు గాలం దారాలు చుట్టుకుంటున్నాయి. ఎవరిది తప్పు?
– ఇద్దరు మిత్రులు, క్రేగీబర్న్

జవాబు: దిగే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి 'ఇక్కడ దిగుతున్నాం, ఈ వైపు వెళ్తాం, గంటలో వస్తాం' అని చెప్పండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. నీళ్లలో గుంజల వరుసల లోపలే ఉండండి. గాలాలు పడేది బయటి వైపు. శని, ఆదివారాలు తెల్లవారుజామున, సాయంత్రం స్క్విడ్ కోసం ఎక్కువమంది వస్తారు. ఆ వేళలు వాళ్లకు వదిలి మధ్యాహ్నం వెళ్తే ఇద్దరికీ సుఖం.

దారం చుట్టుకుంటే వెంటనే ఆగిపోవాలి. వెనక్కి తిరిగితే అది సిలిండర్ వాల్వుకు, ఫిన్ పట్టీకి ఇంకో చుట్టు పడుతుంది. బడ్డీకి (జతగా దిగిన తోడుకు) సైగ చేసి, మీరు కదలకుండా ఉంటే తను కోస్తాడు. అల్లిన దారం నునుపైన కత్తికి జారిపోతుంది. అంబులెన్సుల్లో బట్టలు కోయడానికి వాడే మొండి మొన కత్తెర దీనికి బాగా పనికొస్తుంది. దాన్ని కాలికి కట్టుకోకండి, ఏ చేతికైనా అందేలా ఛాతీ దగ్గర పెట్టుకోండి. స్క్విడ్ పట్టే జిగ్‌కు గుత్తిగా ముళ్లుంటాయి. అది సూట్‌లో దిగితే లాగొద్దు, దారం కోసి, ఒడ్డున సూట్ విప్పాక చూసుకోండి.

పడవల సంగతి ఇంకా ముఖ్యం. ఈ జెట్టీలున్న విక్టోరియా రాష్ట్రంలో ఈదేవాళ్లకు 50 మీటర్ల లోపల, జెట్టీకి 50 మీటర్ల లోపల, డైవర్లున్నారని చెప్పే నీలం తెలుపు 'ఎ' జెండాకు 100 మీటర్ల లోపల పడవ 5 నాట్లు మించకూడదు. ప్రతివాడూ పాటిస్తాడని నమ్మి బయట తేలకండి. తేలే జెండా వెంట లాక్కెళ్లండి. తేలాల్సి వచ్చినప్పుడు కిందనే ఈదుకుంటూ గుంజల దగ్గరికి వచ్చి, పైకి చూసి, శబ్దం విని, ఒక చెయ్యి పైకెత్తి తేలండి. బడ్డీ తప్పిపోతే ఒక నిమిషం చుట్టూ వెతికి తేలాలి, అంతకు మించి కింద వెతకకూడదు. నీరు మసకగా ఉన్నప్పుడు గుంజలు లెక్కపెట్టుకుంటూ పోతే దిక్సూచి కన్నా నమ్మకం.

మెట్ల దగ్గర ఒక జాగ్రత్త. పైకి ఎక్కుతున్న వాళ్ల కింద ఎవరూ ఉండకూడదు, సిలిండర్ జారితే తల మీదే పడుతుంది. ఫిన్లు నీళ్లలోనే విప్పి చేతికి తగిలించుకోండి. పూర్తిగా పైకి చేరేదాకా మాస్క్, నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ అలాగే ఉంచుకోండి.

ప్రశ్న: స్పైడర్ పీతల గుంపులు, సీడ్రాగన్లు ఎప్పుడు కనిపిస్తాయి?
– ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: పీతలు చలికాలంలో, సాధారణంగా మే నుంచి జులై మధ్య, రై, బ్లేర్‌గౌరీ ప్రాంతంలో వేల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పలు కడతాయి. పాత పెంకు విడిచి కొత్తది గట్టిపడే దాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది. అప్పుడు టేకు చేపలు (స్టింగ్‌రేలు), సీల్స్ నుంచి కాపాడుకోవడానికి గుంపే రక్ష. తేదీ ఎవరూ చెప్పలేరు. కొన్నేళ్లు ఒక జెట్టీ దగ్గర అసలు కనిపించవు. వెళ్లినప్పుడు కుప్ప మీద వాలకండి, మెత్తటి పీత మీ మోకాలి బరువుకే నలిగిపోతుంది. ఒక మీటరు పైనే ఉండి చూడండి.

సముద్రగుర్రానికి చుట్టమైన సీడ్రాగన్ చేప కోసం ఫ్లిండర్స్ వెళ్లండి. మూడు నుంచి ఐదు మీటర్ల లోతు, కాబట్టి పై నుంచి స్నార్కెల్‌తోనే చూడవచ్చు. 45 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అయినా కెల్ప్ ఆకులా ఊగుతూ ఉంటే కళ్ల ముందున్నా దొరకదు. దాని తిండి మైసిడ్ అనే చిట్టి రొయ్యలు. నీటిలో దుమ్ములా కదిలే వాటి గుంపు కనబడితే, ఆ పక్కనే సముద్రపు గడ్డి, నాచు అంచున వెతకండి. వసంతం, వేసవిలో తోక కింద గులాబీ రంగు గుడ్లు మోస్తున్నది కనబడితే అది మగది. సముద్రగుర్రంలా దీనికి సంచి లేదు, గుడ్లు చర్మానికే అంటుకుని ఉంటాయి.

ఫొటో కోసం దాన్ని పైకి తరమకండి. లోపలి గాలితిత్తి హఠాత్తు ఒత్తిడి మార్పుకు తట్టుకోలేదు. విక్టోరియాలో సీడ్రాగన్లు, సముద్రగుర్రాలు, పైప్‌ఫిష్‌లు అన్నీ చట్టరక్షణలో ఉన్నవే. ఫ్లిండర్స్ జెట్టీ పాత కర్ర భాగాన్ని తీసేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు స్థానికులు ఉద్యమించి ఆపించింది కూడా వీటి కోసమే.

ప్రశ్న: ఖాళీ శంఖాలు ఏరి పిల్లలకు తేవచ్చా? విషజీవులు ఉంటాయా?
– ఒక పాఠకుడు, ట్రుగనీనా

జవాబు: తేవద్దు. బ్లూ-రింగ్డ్ ఆక్టోపస్ దాక్కునేది సరిగ్గా వాటిలోనే. పడేసిన సీసాలు, డబ్బాలలోనూ ఉంటుంది, కాబట్టి చెత్త ఏరే ఉద్దేశంతోనైనా లోపల చూడకుండా జేబులో వేసుకోకండి. ముడుచుకుంటే గోల్ఫ్ బంతంత, మామూలుగా గోధుమ రంగు. నీలి వలయాలు మెరిసేది భయపడ్డాకే. దాని విషం టెట్రోడోటాక్సిన్, విరుగుడు మందు లేదు. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. కాసేపటికి పెదాలు, నాలుక తిమ్మిరెక్కి, చూపు మసకబారి, ఊపిరి అందదు. మనిషికి స్పృహ ఉంటుంది, కదలలేడు. అత్యవసర నంబరు 000కు ఫోన్ చేసి, కాటు నుంచి మొదలుపెట్టి చెయ్యో కాలో మొత్తానికి వెడల్పాటి సాగే కట్టు బిగుతుగా కట్టి, కదలకుండా ఉంచండి. ఊపిరి ఆగితే అంబులెన్స్ వచ్చేదాకా నోటితో శ్వాస ఇస్తూనే ఉండాలి. విషం ప్రభావం తగ్గేవరకూ ఊపిరి నిలబెడితే మనిషి బతుకుతాడు.

టేకు చేప ముల్లు, కాబ్లర్ చేప ముల్లు గుచ్చుకుంటే వైద్యం తిరగబడుతుంది: కట్టు కాదు, వేడి నీళ్లు. భరించగలిగినంత వేడి, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర. నొప్పి ఉన్నవాళ్లకు వేడి సరిగా తెలియదు, పక్కవాళ్లు ముందు తమ చెయ్యి పెట్టి చూడాలి. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో దిగితే లాగకండి, అలాగే ఆసుపత్రికి. అందుకే లోతు తక్కువ ఇసుకలో కాళ్లు ఎత్తి అడుగులు వేయకుండా, జరుపుకుంటూ నడవాలి. టేకు చేప ముందే తప్పుకుంటుంది.

డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, తల తిరగడం వస్తే ఆస్ట్రేలియాలో డైవర్ల అత్యవసర నంబరు 1800 088 200. మెల్‌బోర్న్‌లో ఒత్తిడి గదిలో చికిత్స చేసేది ఆల్ఫ్రెడ్ ఆసుపత్రి. ఆలోచించకుండా ఫోన్ చేయండి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు, నాన్నకు 62, బీపీ మాత్రలు వాడతారు. ఆయనతో స్నార్కెలింగ్ చేయించవచ్చా? ఎల్లుండి విమానం.
– ఒక పాఠకురాలు, హాపర్స్ క్రాసింగ్

జవాబు: నీటి లోపల కాళ్ల నుంచి రక్తం ఛాతీకి ఎక్కువగా చేరుతుంది, చల్లటి నీరు చర్మపు రక్తనాళాలను బిగిస్తుంది. రెండూ కలిసి గుండె మీద బరువు పెంచుతాయి. స్నార్కెల్ గొట్టంలోంచి ఊపిరి లాగడం దాని మీద ఇంకో శ్రమ. బీపీ అదుపులో ఉండి, రోజూ చురుగ్గా నడిచే మనిషి అయితే డాక్టరు సరేనన్నాక, వేసవిలో, నడుము లోతు దాటకుండా చేయవచ్చు. ఏ మాత్రలు వాడతారో డాక్టరుకు పేర్లతో చెప్పండి. బీటా బ్లాకర్లు శ్రమకు గుండె స్పందించే శక్తిని తగ్గిస్తాయి. నీళ్లలో ఆయాసమో దగ్గో మొదలైతే అలసట అని సర్ది చెప్పుకోకుండా వెంటనే ఒడ్డుకు తీసుకురండి.

స్నార్కెలింగ్‌కు విమానంతో ఇబ్బంది లేదు. స్కూబాకు ఉంది: ఒక్క మామూలు డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకే రోజు ఎక్కువసార్లో వరసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. తల్లిదండ్రులకు తీసుకున్న ప్రయాణ బీమా డైవింగ్‌ను మినహాయించిందేమో కూడా చదవండి. నీళ్లలోకి దిగకపోయినా ఫర్వాలేదు, మధ్యాహ్నం ఎండలో పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని రై జెట్టీ మీద నిలబడితే టేకు చేపలు కింద తిరగడం కనిపిస్తుంది.

ప్రశ్న: విశాఖలో ఇలా జెట్టీ కింద చేయవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. పోర్టు, చేపల రేవు జెట్టీలు రక్షిత ప్రాంతాలు, పడవల రాకపోకలు ఎక్కువ, అనుమతీ ఉండదు. పైగా పోర్ట్ ఫిలిప్‌లా నిలకడ నీరు కాదు, బంగాళాఖాతం కెరటాలు నేరుగా కొట్టే తీరం. రుషికొండ దగ్గర శిక్షకులతో బోటు నుంచి దిగే ఏర్పాట్లున్నాయి, అటు వెళ్లండి. వర్షాకాలం పోయి నదుల బురద తగ్గాక వెళ్తేనే ఏమైనా కనిపిస్తుంది.

ప్రశ్న: రాత్రి డైవ్‌కు ఏం అదనంగా కావాలి?
– ఒక పాఠకుడు, ఫుట్స్‌క్రే

జవాబు: మనిషికి రెండు టార్చీలు, మెట్ల దగ్గర వేలాడదీసే ఒక వెలుగు. పగలు అదే జెట్టీ కింద కనీసం ఒకసారి తిరిగి ఉండాలి. చారల పైజామా స్క్విడ్, బొటనవేలంత డంప్లింగ్ స్క్విడ్ రాత్రి పూటే ఇసుకలోంచి బయటికి వస్తాయి. కాంతి సూటిగా పడితే మళ్లీ ఇసుకలో కూరుకుపోతాయి కాబట్టి టార్చి అంచు వెలుగుతో చూడండి. చుట్టూ చీకటే కాబట్టి ఈ వేళ గాలం దారాలు కనిపించవు, కత్తెర ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని దిగండి.

ఇంటికొచ్చాక సామాను అర్ధరాత్రి అలాగే పడేయకండి. రెగ్యులేటర్ దుమ్ము మూత బిగించి మంచినీళ్లలో నానబెట్టండి. సిలిండర్‌కు తగిలించి లేనప్పుడు, నీళ్లలో ఉండగా దాని బటన్ నొక్కితే నీరు లోపలికి పోయి లోపలి భాగాలు తుప్పు పడతాయి. బీసీడీలోకి కూడా కాస్త మంచినీళ్లు పోసి, కుదిపి, తలకిందులు చేసి వంపేయండి.